వరుసలో చోటు కోసం జరిగిన పందెం

ఈ నెల మేము చెప్పబోయే కబురు ఇంటికి దగ్గరిది కాదు. అమెరికాలో ఫ్లారిడా రాష్ట్రంలోని డేటోనా పట్టణంలో 1961 ఫిబ్రవరి 24వ తేదీన జరిగిన కార్ల పందెం అది. అప్పటికి మేము పుట్టనైనా లేదు. అయినా ఆ పందెం గురించి మా ఆఫీసులో నిన్న మొన్నటిదాకా వాదం జరుగుతూనే వుంది గనుక, దానికి జవాబుగా ఇది వ్రాస్తున్నాము. పాఠకులు కాస్త ఓపిక పట్టవలెనని మనవి.

మధ్యాహ్నం టిఫిను వేళకు మా బల్ల చుట్టూ నలుగురం చేరుతాము. డబ్బాలు తెరవడం, ఒకరి పచ్చడి మరొకరు రుచి చూడడం అయిన తరువాత, మాలో చిన్నవాడు తన ఫోను నీళ్ల చెంబుకు ఆనించి నిలబెట్టి పాత పందేల ఫిల్ములు పెడతాడు. అయిదారేళ్లుగా ఇదే అలవాటు. స్కూటరు నడపడానికే జంకే మనిషికి కార్ల పందేల పిచ్చి యేమిటని మా ఇంట్లో అడుగుతారు. క్రికెట్టు చూచేవాళ్లందరూ బ్యాటు పట్టినవాళ్లేనా అని మేము తిరిగి అడగలేదు. అడిగితే కాఫీ ఆలస్యమవుతుంది.

ఫిబ్రవరిలో డేటోనా పందేలు జరుగుతాయి. ఆ నెలలో పాత అభిమానులకు పాత పందేలు గుర్తు రావడం సహజమే కదా. ఈసారి మేము 1961 నాటి అర్హత పందేల సంగతి యెత్తేసరికి మా కుర్రవాడు నవ్వాడు. "సార్, అర్హత పందెం కూడా ఒక పందెమేనా? అసలు పందెంలో యెవరు యే వరుసలో నిలబడాలో తేల్చడానికి పెట్టేది. పరీక్ష కథ చెప్పుకుంటారుగాని హాల్ టికెట్టు కథ యెవరైనా చెప్పుకుంటారా?" అన్నాడు. మాట బాగానే వుంది. మాకు వెంటనే జవాబు తోచలేదు. గంట కొట్టారు, లేచిపోయాము.

ముందు ఈ పందేల సంగతి తెలియనివారికి రెండు ముక్కలు. స్టాక్ కారు అంటే అంగడిలో అమ్మకానికి నిలవ వుంచిన కారు. మా గుమాస్తాలకు స్టాకు రిజిస్టరు అంటే యేమిటో తెలిసినదే, ఆ స్టాకే ఇది. ప్రత్యేకంగా పందెం కోసం పుట్టిన బండి కాక, నీవూ నేనూ కొనుక్కొనే రకపు బండిని తెచ్చి పరుగెత్తించడం మొదట్లో దీని ఉద్దేశం. ఇప్పటి బండ్లకు అంగడి బండ్లతో పోలిక ఆకారంలో తప్ప మరెక్కడా లేదనుకోండి. ఆ రోజులలో మాత్రం పేరుకు తగినట్లే వుండేది. నాస్కార్ అనే సంస్థ 1949 జూన్ 19న షార్లెట్‌లో మొట్టమొదటి స్టాక్ కార్ల పందెం పెట్టినప్పుడు, లీ పెట్టీ అనే ముప్ఫై అయిదేళ్ల సంసారి ఒక స్నేహితుడి బ్యూయిక్ కారు అరువు తెచ్చుకొని పందెంలో దిగాడు. దిగి, దానిని పల్టీ కొట్టించాడు. అరువు కారు! స్నేహితుడికి ముఖం యెలా చూపించాడో మాకు ఇప్పటికీ ఊహకు అందదు.

ఈ లీ పెట్టీదే మన కథ. నార్త్ కారొలీనాలో లెవెల్ క్రాస్ అనే పల్లె అతనిది. పేరు చూచి రైలు గేటు అనుకోకండి, ఊరే. పందెం అతనికి సరదా కాదు, బ్రతుకు తెరువు. గెలుచుకున్న డబ్బుతోనే ఇల్లు గడవాలి, బండి బాగుపడాలి. అందుచేత అవసరం లేని చోట బండిని విరగగొట్టుకోడు, హక్కుగా రావలసిన ఒక్క డాలరు కూడా వదలడు. 1954లో, 58లో, 59లో మూడుసార్లు ఆ యేటి మేటిగా నిలిచాడు. ఇద్దరు కొడుకులు. పెద్దవాడు రిచర్డ్ బండి తోలేవాడు, చిన్నవాడు మారిస్ ఇంజనులు చూచుకునేవాడు.

డేటోనాలో పూర్వం సముద్రపు ఇసుకమీద పందేలు జరిగేవి. నాస్కార్ స్థాపకుడు బిల్ ఫ్రాన్స్ అక్కడ రెండున్నర మైళ్ల చుట్టుబాట కట్టించి 1959లో తెరిచాడు. దాని మలుపులు నేలమీద పరచినట్లు వుండవు. 31 డిగ్రీల వాలుతో గోడలా లేచి వుంటాయి. పై అంచు 33 అడుగుల యెత్తు. ఎగ్జిబిషన్‌లలో మృత్యుకూపం అని చెక్కబావిలో మోటారు సైకిలు తిప్పుతాడే, ఆ బావిని కాస్త పడుకోబెట్టి మైళ్ల పొడుగున సాగదీసినట్లు ఊహించుకోండి. వేగం తగ్గించకుండా మలుపు తిరగడానికే ఆ వాలు. పై అంచున ఆ రోజులలో ఇనుప కంచె వుండేది. దాని అవతల, అంత యెత్తునుంచీ కిందికి పల్లం.

ఆ బాటమీద మొదటి 500 మైళ్ల పందెం 1959 ఫిబ్రవరి 22న జరిగింది. నలభై వేల పైచిలుకు జనం చూస్తుండగా చివరి గీతమీదికి మూడు బండ్లు పక్కపక్కనే వచ్చాయి. ఒకటి లీ పెట్టీది, రెండవది జానీ బోషాంప్ అనే అయోవా రాష్ట్రపు వాడిది, మూడవది జో వెదర్లీది. వెదర్లీ ఒక చుట్టు వెనుకబడి వున్నాడు గనుక గెలుపుతో అతనికి నిమిత్తం లేదు, ఊరికే ఆ బొమ్మలో పడ్డాడు. మొదట బోషాంప్ గెలిచాడని చెప్పారు. పెట్టీ ఒప్పుకోలేదు. ఫోటోలు, ఫిల్ములు తెప్పించి చూచి, 61 గంటల తరువాత పెట్టీయే గెలిచాడని తీర్పు చెప్పారు. 19,050 డాలర్లు అతనికి దక్కాయి. ఆ మూడు బండ్ల ఫోటో చూడని అభిమాని లేడు. మా బల్ల దగ్గర దానిని పెద్దది చేసి, చిన్నది చేసి, బియ్యంలో రాళ్లు యేరినట్లు చూచాము. మా కన్నడ మిత్రుడు ఇప్పటికీ బోషాంప్ పక్షమే. ఆయనతో వాదించి లాభం లేదు.

అదే యేడు జూన్ నెలలో అట్లాంటా దగ్గర లేక్‌వుడ్‌లో జరిగిన మరొక ముచ్చట చెప్పక తప్పదు, యెందుకంటే లీ పెట్టీ యెటువంటివాడో దానివల్లనే తెలుస్తుంది. ఆ రోజు గెలిచిన జెండా రిచర్డ్‌కు చూపించారు. ఇరవై రెండేళ్లు ఇంకా నిండని కుర్రవాడికి అది మొదటి గెలుపు. అంతలో ఒకరు ఫిర్యాదు చేశారు, లెక్క తప్పింది, గెలిచినది నేను అని. ఆ ఫిర్యాది యెవరో కాదు, తండ్రి. చుట్ల లెక్క కాగితాలు మళ్లీ కూడి చూచారు. తండ్రి చెప్పినదే నిజమని తేలింది. లీ మొదట, రిచర్డ్ రెండు.

ఈ కథ చెప్పినప్పుడల్లా మా బల్ల రెండుగా చీలుతుంది. కన్న కొడుకు సంతోషం కాస్త వుండనిస్తే యేమి పోయిందని కొందరు. మేము మాత్రం లీ పక్షం. మా నాన్నగారికి ఇక్కడి పేటలో చిన్న బట్టల కొట్టు వుండేది. మేము ఎనిమిదో తరగతిలో వుండగా ఒక సాయంత్రం చిట్టా మొత్తం కూడి, తప్పు లేకుండా వచ్చిందని గర్వంగా చూపించాము. ఆయన కళ్లజోడు సవరించుకొని, ఇద్దరు బేరగాళ్ల ఎదుటనే, మూడో పేజీలో ఆరణాల తేడా పట్టుకొన్నారు. అణాలు పోయి అప్పటికి యెన్నో యేళ్లయింది, ఆయన భాషలో మాత్రం పోలేదు. ఆ రాత్రి మేము అన్నం తినలేదు. ఈనాడు మేము ఆఫీసులో కూడిన మొత్తాన్ని మళ్లీ యెవరూ కూడి చూడరు. లెక్క లెక్కే. రిచర్డ్ మరుసటి యేడు, 1960లో, తన మొదటి గెలుపు నిజంగానే గెలుచుకొన్నాడు.

ఇక 1961. ఫిబ్రవరి 26 ఆదివారం 500 మైళ్ల అసలు పందెం. దానికి రెండు రోజుల ముందు, శుక్రవారంనాడు, నూరేసి మైళ్ల అర్హత పందేలు రెండు. మా కుర్రవాడు హాల్ టికెట్టు అన్నాడు గాని, ఆ కాలంలో ఈ నూరు మైళ్ల పందేలలో గెలిస్తే అది కూడా నాస్కార్ లెక్కలలో పూర్తి గెలుపుగానే జమ అయ్యేది. 1971 వరకూ ఆ పద్ధతి సాగింది. కనుక తోలేవాళ్లు యెవరూ దీనిని ఆటగా తీసుకొనేవారు కారు.

మొదటి పందెంలో రిచర్డ్ వున్నాడు. అతని బండి అంకె 43, తండ్రిది 42. ఆఖరి చుట్టులో జూనియర్ జాన్సన్ బండీ, రిచర్డ్ బండీ తగులుకొన్నాయి. ఈ జాన్సన్ మామూలు మనిషి కాడు. దొంగసారా రవాణా చేస్తూ పోలీసులకు అందకుండా కొండదారులలో కారు తోలడం నేర్చినవాడు, 1960లో డేటోనా 500 గెలిచినవాడు. తోటివారి కంటె నెమ్మది బండితో అతడు అలా గెలవడానికి ఒక కిటుకు వుంది. ముందు పోతున్న బండికి అంటుకొన్నంత దగ్గరగా వెనుక పోతే, ముందువాడు గాలిని చీలుస్తాడు, వెనుకవాడికి గాలిపోటు తగ్గి బండి తేలికగా సాగుతుంది. ఆ కిటుకు అందరూ నేర్చుకొన్నారు. అప్పటినుంచీ ఆ బాటమీద గంటకు నూట యాభై మైళ్ల వేగంలో కూడా బండికీ బండికీ మధ్య చెయ్యి పట్టే సందు లేకుండా పోయింది. ఎవరికి యేమి జరిగినా పక్కవాడికి తప్పించుకొనే తావు లేదు.

మొదటి మలుపు దగ్గర రిచర్డ్ బండి కంచె దాటి అవతల పడింది. బండి పోయింది. మనిషి మాత్రం చిన్న దెబ్బలతో బయటికి వచ్చాడు. అదృష్టమనే అనాలి. పందెం ఫైర్‌బాల్ రాబర్ట్స్ గెలిచాడు.

కొడుకు కంచె దాటి పడిన కొద్ది సేపటికే అదే బాటమీద తండ్రి వరుసలో నిలబడవలసి వచ్చింది. మేము ఈ కథలో ఆగేది ఇక్కడనే. నలభై ఆరేళ్ల మనిషి, మరో మూడు వారాలలో నలభై ఏడు నిండుతాయి. కొడుకు ప్రాణంతో వున్నాడు, నడుస్తున్నాడు. తరువాతి పందెం గంట కొట్టేశారు. ఇటువంటప్పుడు మనము అయితే సెలవు చీటి వ్రాసి ఇస్తాము. లీ పెట్టీ ఎక్కి కూర్చున్నాడు. మా తమిళ మిత్రుడు దీనిని మొండితనం అంటాడు. మాకు అలా తోచదు. ఒక బండి అప్పుడే పోయింది. ఆదివారం నాటికి ఆ ఇంటికి మిగిలినది ఒకే బండి. దానికి వరుసలో చోటు సంపాదించవలసినది అతనే.

రెండో పందెం ముగియడానికి కొద్ది చుట్లే మిగిలి వుండగా నాలుగో మలుపులో లీ బండీ మరొక బండీ చిక్కుకొన్నాయి. రెండూ కలిసే కంచె చీల్చుకొని అంత యెత్తునుంచీ అవతలికి పోయి పడ్డాయి. ఆ రెండో బండి యెవరిదో పాఠకులు ఊహించే వుంటారు. జానీ బోషాంప్‌ది. 1959లో ఫోటోలో పక్కపక్కన వున్న ఇద్దరే వీరు. ఇంతకీ పందెం గెలిచినది యెవరు? జో వెదర్లీ. ఫోటోలోని మూడో బండి మనిషి!

ఇది మేము కల్పించినది కాదు. నాటకంలో వ్రాస్తే అతిగా వుందని సంపాదకులు తిప్పి పంపుతారు.

బోషాంప్‌కు తలకు గాయమైంది. తిరిగి నాస్కార్ పెద్ద పందేలలో అతడు కనబడలేదు. 1981లో చనిపోయాడు. మూడు రోజులు గెలుపు తనదేనని నమ్మి, నాలుగో రోజు కాదనిపించుకొని, రెండేళ్ల తరువాత ఆ మనిషితోనే కలిసి కంచె దాటి పడి, ఆటనుంచే వెళ్లిపోయిన ఇతనిని గురించి ఎవరూ అంతగా వ్రాయరు. మా కన్నడ మిత్రుడి పక్షపాతానికి అసలు కారణం ఇదేనని ఈ మధ్యనే మాకు తెలిసింది. ఫోటో సంగతి కాదట, ఎవరో ఒకరు అతని వైపు వుండాలట.

లీ పెట్టీ సంగతి ఇంకా కష్టం. ఊపిరితిత్తికి చిల్లు, కాలు విరుగు, లోపలి గాయాలు. ఆసుపత్రిలో నాలుగు నెలలు. లేచిన తరువాత 1962నుంచి 64దాకా వేళ్లమీద లెక్కించదగినన్ని పందేలలో మాత్రమే కూర్చున్నాడు. తరువాత గోల్ఫ్ ఆడుకొంటూ, వర్క్‌షాపు చూచుకొంటూ కాలం గడిపాడు. పందెమే జీవనంగా పెట్టుకొన్న మనిషికి ఒక మధ్యాహ్నంతో ఆ జీవనం ముగిసింది. అది కూడా 500 మైళ్ల పందెంలో కాదు, ఆ పందెంలో యెక్కడ నిలబడాలో తేల్చే నూరు మైళ్లలో.

తప్పు యెవరిది? పాత అభిమానులు ఇన్నేళ్లయినా దీనిమీద తగవు పడుతూనే వుంటారు. దొరికిన బొమ్మలు చూచి మేము కూడా న్యాయాధిపతులమై కూర్చున్నాము. వేగంగా పోయే బండ్లు ఒకదానినొకటి అంటుకొని వున్నప్పుడు తప్పు ఫలానావాడిదని గీత గీయడం అయ్యే పని కాదని మా అభిప్రాయం. ఎవరినైనా అనవలసి వస్తే ఆ కంచెను అనాలి. అంత బరువు, అంత వేగం ఆపగల బలం దానికి లేదని ఒకే రోజున మూడు బండ్లు రుజువు చేశాయి. ఇప్పుడు ఆ చోట కాంక్రీటు గోడలూ, వాటి ముందు దెబ్బను మింగే మెత్తని ఉక్కు అడ్డులూ వచ్చాయి. ఆ రకపు అడ్డు మొదటిసారి కట్టినది 2002లో, ఇండియనాపొలిస్‌లో. అంటే లీ పెట్టీ కంచె దాటిన నలభై ఒక్క యేళ్లకు. మా వీధి మలుపులో గుంత పూడ్చడానికి పట్టిన కాలంతో పోలిస్తే యెక్కువేమీ కాదని మా తమిళ మిత్రుడు అన్నాడు. నవ్వాము గాని నవ్వవలసిన మాట కాదు.

ఆ శుక్రవారం గెలిచిన ఇద్దరి సంగతి కూడా చెప్పాలి. తోటివారిని నవ్విస్తూ తిరిగే వెదర్లీ 1964 జనవరిలో కాలిఫోర్నియాలోని రివర్‌సైడ్‌లో పందెంలోనే చనిపోయాడు. రాబర్ట్స్ అదే యేడు మే నెలలో షార్లెట్‌లో మంటలలో చిక్కుకొని, జూలై 2న కన్ను మూశాడు. జూలై 2 రిచర్డ్ పెట్టీ పుట్టినరోజు. ఆ 1964లోనే రిచర్డ్ మొదటిసారి డేటోనా 500 గెలిచాడు, మొదటిసారి ఆ యేటి మేటి అయ్యాడు. తండ్రి చివరి పందెం కూడా ఆ యేడే. ఒకే సంవత్సరపు పద్దులో ఇన్ని రాబడులూ ఇన్ని ఖర్చులూ మేము మరెక్కడా చూడలేదు.

తరువాత కథ లోకానికి తెలిసినదే. తండ్రి ఆసుపత్రిలో వుండగా ఇరవై మూడేళ్ల రిచర్డ్, తమ్ముడు మారిస్, మేనబంధువు డేల్ ఇన్‌మన్ కలిసి వర్క్‌షాపు భారం నెత్తిన వేసుకొన్నారు. 1967లో రిచర్డ్ తండ్రి గెలుపుల లెక్కను దాటాడు. మొత్తం 200 గెలుపులు, ఏడు డేటోనా 500లు, ఏడుసార్లు మేటి. ఆ తరువాత అతని కొడుకు కైల్, కైల్ కొడుకు ఆడమ్ కూడా పందేలకు వచ్చారు. లీ పెట్టీ 2000 ఏప్రిల్ 5న పోయాడు, మునిమనుమడు పెద్ద పందెంలో మొదటిసారి పరుగెత్తిన మూడు రోజులకు. ఆడమ్ ఆ మే నెల 12న సాధన చేస్తూ గోడను గుద్దుకొని చనిపోయాడు. పందొమ్మిదేళ్లు. ఇక్కడ మేము ఎక్కువ వ్రాయలేము.

ఇదంతా మా కుర్రవాడికి మరునాడు టిఫిను వేళ చెప్పాము. తన డబ్బాలోని చపాతీ చల్లారిపోతున్నా కదలకుండా విన్నాడు. చివరకు, "ఆదివారం పందెం యెవరు గెలిచారు సార్?" అని అడిగాడు. రాబర్ట్స్ దాదాపు పందెమంతా ముందుండి, 13 చుట్లు మిగిలి వుండగా ఇంజను పోయి ఆగిపోయాడు. స్మోకీ యూనిక్ అనే మేస్త్రీ సిద్ధం చేసిన, అంతకు ముందటి సంవత్సరపు పాత పాంటియాక్‌లో మార్విన్ పాంచ్ గెలిచాడు. ఆనాటి వరుసలో 42 లేదు, 43 లేదు.

"మరి ఆ పై యేడు?" అన్నాడు.

1962 ఫలితాల కాగితం తీసి చూపించాము. మొదట రాబర్ట్స్. రెండు, రిచర్డ్ పెట్టీ, అంకె 43. అతడు ఆ పేరు దగ్గర వేలు పెట్టి కాసేపు చూచాడు. గంట కొట్టారు. ఫోను జేబులో వేసుకొంటూ, శుక్రవారం ఫిల్ము వుంటే రేపు పెడతానని చెప్పి తన సీటుకు వెళ్లిపోయాడు.